ఆ పేరుతో నన్ను పిలవొద్దు

మొయినాబాద్‌లో నాకు పదిహేడేళ్లుగా ఒక ముద్దుపేరు ఉంది. దాన్ని ఇక్కడ రాయను. రెండో ప్రపంచ యుద్ధం నాడు జర్మనీని ఏలి, యూదులను ఊరూరా వెతికించి చంపించిన వాడి పేరు అది. దాని చివర 'సారు' అని తగిలించి పిల్లలు నన్ను పిలిచేవారు. చదివే వాళ్లందరికీ ఆ పేరు తెలుసు. నా చేత్తో ఇంకొకసారి రాయడం నాకు ఇష్టం లేదు.

నేను లెక్కల సారును. ఉండేది చేవెళ్లలో. పొద్దున బస్సెక్కి మొయినాబాద్ వెళ్లి, అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు నుంచి పదో తరగతి దాకా లెక్కలు చెప్తాను. ఆ స్కూల్లో చేరిన మొదటి ఏడే ఆ పేరు వచ్చింది. ఎనిమిదో తరగతిలోకి అడుగుపెట్టగానే అల్లరి ఆగిపోయింది. వెనక బెంచీలోంచి ఎవడో ఆ పేరు గొణిగాడు. క్లాసంతా కిసకిస నవ్వింది. ఎవడన్నాడో లేవమన్నాను. ఒక పిల్లవాడు లేచాడు. వాణ్ని కొట్టలేదు. నవ్వి, "పేరు మంచిగనే వెట్టినవ్ రా. ఇగ గా పేరుకు తగ్గట్టే ఉంటది నాతోని" అన్నాను.

ఆ మాట నేనన్నదే. పిల్లవాడు గొణిగి ఊరుకున్నాడు. దాన్ని అందరి ముందు ఒప్పుకుని నెత్తిన పెట్టుకున్నది నేను. ఆ తర్వాత ప్రతి కొత్త క్లాసులోనూ అదే మాట చెప్పాను.

తర్వాత అది నా పరపతి అయింది. పిల్లలను చేర్పించడానికి వచ్చే రైతులు, ఎకరాల కొద్దీ పొలాలున్న పెద్ద ఆసాములు, ఊళ్లో సర్పంచులుగా చేసిన వాళ్లు, నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకునేవారు. "సారు, మీరు గా టైపంట గద. మావోన్ని జర సక్కజేయుండ్రి" అనేవారు. మా కరస్పాండెంటు అడ్మిషన్ల రోజుల్లో నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి, కొత్తవాళ్లకు ఆ పేరుతోనే పరిచయం చేసేవాడు. స్టాఫ్ ఫొటోల బోర్డు మీద నా ఫొటోకు ఎవరో స్కెచ్ పెన్నుతో ముక్కు కింద చిన్న మీసం గీశారు. తుడవబోతున్న ఆయమ్మను నేనే ఆపాను. ఉండనీ, బాగుంది అన్నాను. పెళ్లిళ్లలో చుట్టాలకు కూడా చెప్పుకున్నాను. మా ఆవిడ వద్దన్నట్టు మొహం పెడితే, ఆమెకు సరదా తెలియదు అనుకున్నాను.

ఆ మనిషి ఏం చేశాడో నాకు తెలియదని చెప్పి తప్పించుకోలేను. డిగ్రీ చదివిన వాణ్ని. నియంత అని తెలుసు. యూదులను చంపాడని తెలుసు. అరవై లక్షల మంది అన్న సంఖ్య కూడా తెలుసు. లెక్కల వాణ్ని కదా, సంఖ్యలు గుర్తుంటాయి. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. అక్కడితో అయిపోయింది.

మా అమ్మాయి చేవెళ్లలోనే వేరే స్కూల్లో చదువుతుంది. అప్పుడు తొమ్మిదో తరగతి. వాళ్ల సోషల్ మేడం యూదుల మీద జరిగిన దాని గురించి ప్రాజెక్టు ఇచ్చింది. ఇంటర్నెట్‌లో వెతికి, ఎక్కడ దొరికిందో రాసి మరీ నాలుగు పేజీలు తేవాలి. ఆదివారం పొద్దున నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. నేను పక్కన ఆన్సర్ పేపర్లు దిద్దుకుంటున్నాను.

ముందు తెలుగులో వెతికింది. వచ్చినవన్నీ వీడియోలే. వెనక డప్పుల మోత, గంభీరమైన గొంతు. వాడు ఎంత క్రమశిక్షణ గలవాడు, ఎంత గొప్ప వక్త, ఒక మామూలు సిపాయి దేశాన్ని ఎట్లా గుప్పిట్లో పెట్టుకున్నాడు, మనం వాడి దగ్గర నేర్చుకోవాల్సింది ఏమిటి. ఒకటి పూర్తయితే ఇంకొకటి దానంతట అదే మొదలైంది. అమ్మాయి ఐదారు చూసింది.

"బాపు, సచ్చిపోయినోళ్ల గురించి ఒక్కదాంట్ల గూడ లేదు" అంది.

"ఇంగ్లీషుల చూడు బిడ్డా" అన్నాను, పేపర్ల మీంచి తల ఎత్తకుండానే.

ఇంగ్లీషులో ఒక మ్యూజియం వాళ్ల వెబ్‌సైటు దొరికింది. అందులో పాఠాలున్నాయి, పటాలున్నాయి, ఏ ఊరు నుంచి యూదులను ఎక్కించిన రైళ్లు ఎటు పోయాయో గీతలున్నాయి. బతికి బయటపడ్డ వాళ్లు ముసలితనంలో చెప్పిన మాటలు గంటల కొద్దీ రికార్డు చేసి పెట్టారు. కాసేపటికి అమ్మాయి నా మోచేయి లాగింది. తెర మీద ఒక క్లాసు ఫొటో ఉంది. మన శంకర్‌పల్లి అంత ఊళ్లో యూదు పిల్లల బడి. మూడు వరుసల్లో పిల్లలు. ముందు వరుస నేల మీద కూర్చుంది. ఒక పిల్ల జడ ముందుకు వేసుకుంది. ఒకడి చొక్కా గుండీ ఊడిపోయి ఉంది. వెనక చివర పంతులమ్మ నిలబడి ఉంది. మేం ప్రతి ఏడూ మార్చిలో తీయించుకునే ఫొటోలాగే ఉంది.

ఏ మొహం మీద నొక్కితే ఆ పిల్ల గురించి తెరుచుకుంటుంది. పేరు, పుట్టిన తేదీ, తండ్రి చేసే పని. దర్జీ. రొట్టెల దుకాణం. గుర్రబ్బండి. ఆ తర్వాత ఏ నిర్బంధ క్యాంపుకు తీసుకుపోయారో, ఎప్పుడు చనిపోయిందో. పన్నెండేళ్లకు. పదకొండేళ్లకు. పంతులమ్మ మీద నొక్కింది అమ్మాయి. ఆమె కూడా యూదురాలే. పిల్లలతో పాటు అదే రైల్లో పోయింది. కొన్ని మొహాల మీద నొక్కితే పేరు కూడా లేదు. ఖాళీ.

నేను దిద్దడం ఆపేశాను. ఆ వరుసలన్నీ ఇద్దరం చూశాం. మా ఆవిడ భోజనానికి రెండుసార్లు పిలిచింది.

మధ్యాహ్నం ఒక ముసలాయన మాట్లాడే వీడియో పెట్టింది. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. ఆయన జర్మనీలో పుట్టిన యూదు. తొమ్మిదేళ్లప్పుడు బడిలోంచి తీసేశారు. దాని గురించి చెప్తున్నాడు. ఆ రోజు సారు ఎవరినీ తిట్టలేదట, కొట్టలేదట. హాజరుపట్టీ తెరిచి, స్కేలు పెట్టి, ఈయన పేరు మీద ఎర్ర సిరాతో తిన్నగా గీత గీశాడట. సంచి సర్దుకొమ్మన్నాడట. ఆ సారే ఈయనకు ఎక్కాలు నేర్పాడట. స్కేలు పెట్టి గీయడం ఆ ముసలాయనకు డెబ్బై ఏళ్ల తర్వాత కూడా గుర్తుంది.

అమ్మాయి వీడియో ఆపింది. నా వైపు తిరిగింది.

"బాపు, నిన్ను గా పేరుతోని ఎందుకు పిలుస్తరు?"

"ప్రేమతోని బిడ్డా. పిల్లలు ఊకెనే సరదాకు."

"ప్రేమతోని గా పేరు వెడతరా?"

నేను ఆన్సర్ పేపర్లు దొంతర పెట్టసాగాను. తనే అంది, "మా క్లాసుల గూడ తెలుసు అందరికి. మీ బాపు గదేనంట గద అని నవ్వుతరు. నేను గూడ నవ్విన ఇన్ని రోజులు." ఆ మాట అన్నాక ప్రాజెక్టు పేపర్లు తీసుకుని లోపలి గదిలోకి పోయింది. 

నాకు మొదట కోపం వచ్చింది అమ్మాయి మీదే. నన్ను దోషిలాగా నిలబెట్టిందని. తర్వాత వాళ్ల మేడం మీద. పిల్లలకు ఇంత ఘోరం చూపించాలా అని. ఇట్లా తప్పించుకోవడానికి దారులు వెతుక్కుంటూ రెండు మూడు రోజులు గడిపాను. కోపం ఎక్కడికి పోవాలో అక్కడికి పోవడానికి అంత సమయం పట్టింది.

అప్పటి నుంచి బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ రికార్డింగులు వినడం మొదలుపెట్టాను. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ఒకటి సగం అయ్యేది, సాయంత్రం మిగతా సగం. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే. అర్థం కాని మాటలు ఒక నోటుబుక్కులో రాసుకుని ఇంట్లో అమ్మాయిని అడిగేవాణ్ని. యూదులు పార్కు బెంచీల మీద కూర్చోవద్దని ఒక ఉత్తర్వు. రేడియోలు అప్పగించాలని ఒకటి. సైకిళ్లు అప్పగించాలని ఒకటి. ఇంట్లో కుక్కను, పిల్లిని ఉంచుకోవద్దని కూడా ఒకటి. చంపడం దగ్గరికి ఒక్కసారిగా రాలేదు వాళ్లు. ఒక్కో కాగితం, ఒక్కో సంతకం, ఒక్కో స్టాంపు వేసుకుంటూ వచ్చారు. ఆ కాగితాలన్నీ ఇప్పుడు ఆ వెబ్‌సైట్లలో ఉన్నాయి. ఎవరైనా చూడొచ్చు. చూసేవాడికి తీరికుండాలి, అంతే.

ఒకరోజు ఆ కాలపు బడి పుస్తకాల మీద ఒక పేజీ దొరికింది. లెక్కల పుస్తకాలు కూడా ఉన్నాయందులో. ఒక లెక్కను ఇంగ్లీషులోకి మార్చి పెట్టారు. దేశ జనాభా ఇంత. అందులో యూదులు ఇంతమంది. దేశంలో పరాయివాళ్లు ఎంత శాతం?

బస్సు కనకమామిడి దాటింది, మొయినాబాద్ కూడా దాటింది. నేను దిగలేదు. చిల్కూరు వైపు తిరిగే రోడ్డు దగ్గర కండక్టర్ అరిస్తే దిగి వెనక్కి నడిచాను. నేను ఏడో తరగతికి శాతాలు చెప్తాను. పదిహేడేళ్లుగా చెప్తున్నాను. ఆ లెక్క ఎవరో ఒక లెక్కల సారు కూర్చుని రాసిందే. బోర్డు మీద ఎవరో వేశారు. పిల్లలు నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నారు. జవాబు సరిగ్గా వచ్చిన వాడికి ఆ సారు టిక్కు పెట్టి ఉంటాడు. నా ఒళ్లు మండిపోయింది. ఆ రోజు స్కూలుకు ఆలస్యంగా పోయాను. స్టాఫ్ రూంలో ఫొటోల బోర్డు తెరిచి నా ఫొటో పీకేశాను. తోటి హిందీ సారు, "ఏమైంది అన్నా, కొత్తది వెడుతున్నవా?" అన్నాడు. నేను చించి కిటికీలోంచి పారేశాను. మీసం గీస్తే గర్వపడ్డ మొహం అది.

ఆ నెలలోనే పాత విద్యార్థులు కలుసుకునే ఫంక్షను వచ్చింది. పది పాసై పన్నెండేళ్లయిన బ్యాచి. కనకమామిడిలో వాళ్లలో ఒకతని ఫామ్‌హౌజ్‌లో పెట్టుకున్నారు. అతని కుటుంబం అక్కడ తాతల నాటి నుంచి భూములున్న కుటుంబం. ఇప్పుడు రాజకీయాల్లో తిరుగుతున్నాడు, రేపో మాపో పోటీ చేస్తాడంటారు. కారు పంపించి మరీ నన్ను పిలిపించాడు. పోకూడదనుకున్నాను. పోయి నాలుగు మాటలు చెప్పొద్దామని మళ్లీ బయల్దేరాను.

గేటు దగ్గరే కారు ఆపమన్నాను. గేటుకు అడ్డంగా పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద నా మొహం. సైనికుడి కోటు, ముక్కు కింద ఆ మీసం, చాచిన చేయి. కింద ఆ పేరు, దాని చివర 'సారుకు స్వాగతం'.

నేను దిగి ఫ్లెక్సీ తాడు పట్టుకుని లాగాను. తాడు కాదు, బైండింగ్ వైరు. వేలు కోసుకుంది. తోటలో పనిచేస్తున్నాయన దగ్గరికి పోయి కొడవలి అడిగాను. ఆయన నన్నూ ఫ్లెక్సీనీ మార్చి మార్చి చూసి ఇచ్చాడు. ఒక పక్క కోస్తుంటే లోపల్నుంచి ఆ ఫామ్‌హౌజ్ అతను, అతని వెనక పది పన్నెండు మంది వచ్చారు.

"సారు, సారు, ఏమైంది? మంచిగ లేదా?"

"తీసెయ్ రా దీన్ని."

"జోకు సారు. సర్‌ప్రైజ్ అని వెట్టినం. గా పేరు మీకే ఇష్టం గద. మీరే చెప్పిండ్రు గద మాకు, పేరుకు తగ్గట్టే ఉంట అని."

నిజమే. నేనే చెప్పాను. ఆ సంగతి వాడి నోట వినేసరికి నాకు ఇంకా మండింది. అక్కడే గేటు దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. క్లాసు ఫొటో గురించి, స్కేలు పెట్టి గీసిన గీత గురించి, శాతాల లెక్క గురించి. ఫోన్ తీసి ఫొటో చూపించబోయాను. సిగ్నల్ లేదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. చేతిలో కొడవలి, వేలి నుంచి రక్తం, తిరిగే చక్రం. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎప్పటిదో ఎక్కడిదో సారు. వాళ్లేమన్న మన సుట్టాలా?" అన్నాడు ఆ ఇంటతను, మెల్లగా, నన్ను సముదాయించాలని.

"సుట్టాలైతేనే ఏడుస్తవా?"

వెనక నుంచి ఇంకొకడు, గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే అతను, "అయినా సారు, గంతమందిని సంపలేదంట గద. అదంత పెంచి చెప్పిండ్రని ఒక వీడియోల చూసిన" అన్నాడు.

నేను వాడి మీదికి పోయాను. కొట్టలేదు గాని చొక్కా పట్టుకున్నాను. "నీకు లెక్కలు చెప్పింది నేను. గా వీడియో వాడు పేర్లు చూపిచ్చిండా? తేదీలు చూపిచ్చిండా? నేను చూపిస్త. ఒక్కొక్క పేరు చూపిస్త. కూసొని చదువుతవా?" అన్నాను. వాడు కళ్లు దించుకున్నాడు. మధ్యలోకి ఇద్దరు వచ్చి విడదీశారు. ఆ ఇంటతను రెండో పక్క వైరు విప్పాడు. ఫ్లెక్సీ కింద పడింది. దాన్ని మడిచి పంపు షెడ్డులో పడేయించాడు. మొహం ముడుచుకుంది. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు నలుగురూ ఉన్నచోట తన గేటు దగ్గర తన ఫ్లెక్సీ కోశానని అతని బాధ. ఆ బాధ నాకు అర్థమైంది. పట్టించుకోలేదు.

శాలువా కప్పే కార్యక్రమం ఎవరికీ ఇష్టం లేనట్టు జరిగిపోయింది. భోజనాల దగ్గర నా పక్కన ఆ బ్యాచిలోని ఒకామె వచ్చి కూర్చుంది. శంకర్‌పల్లిలో వాళ్ల అత్తగారి వాళ్లకు విత్తనాలు, ఎరువుల దుకాణం. కౌంటరులో తనే కూర్చుంటుందట. వాళ్ల నాన్నకు ఇక్కడే కిరాణా కొట్టు ఉండేది. ముందు నాకు గుర్తు రాలేదు.

"ఫ్లెక్సీ తీసింది మంచిగయింది సారు" అంది.

"నువ్వొక్కదానివే అన్నవ్ బిడ్డా గా మాట."

కాసేపు అన్నం కలుపుకుంది. తర్వాత, గొంతు పెంచకుండా, "ఏడో తరగతిల మీరు పదిమందిని కింద కూసోవెట్టిండ్రు. యాదికుందా? మార్కులు తక్కువొచ్చినోళ్లు కిటికీ కాడ నేల మీద కూసోవాలె. మిగిలినోళ్లెవ్వరు వాళ్లతోని మాట్లాడొద్దు, టిఫిన్ గూడ కలిసి తినొద్దు. మూడు నెలలు. గా పదిమందిల నేనొకదాన్ని."

గుర్తుంది. అది నా పద్ధతి. ఇంకో స్కూలు వాళ్లు కూడా వచ్చి చూసి నేర్చుకుని పోయారు. ఆ పదిమందిలో ఎనిమిది మంది ఫస్టు క్లాసులో పాసయ్యారని మీటింగులలో చెప్పేవాణ్ని.

"నా సోపతి పిల్ల అప్పటి సంది నాతోని మాట్లాడుడు బంద్ జేసింది సారు. మీ మూడు నెలలు అయిపోయినంక గూడ మాట్లాడలే. అలవాటైపోయింది దానికి."

నేను ఏదో అనబోయాను. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"గా యూదులోళ్ల దాంతోని దీన్ని కలుపకుండ్రి సారు. మేమేం సావలే. మంచిగనే ఉన్నం. గది వేరే, గిది వేరే. గాని గా పేరుకు మీరు సంబురపడ్డరు సూడుండ్రి, గది నాకు ఎన్నడు సమజ్ కాలే. మాకు అప్పుడు గూడ నవ్వు రాలే."

"తప్పయింది బిడ్డా" అన్నాను.

"సరే సారు" అంది. "పెరుగు ఏసుకోండ్రి."

క్షమించానని అనలేదు. క్షమించలేదనీ అనలేదు. తిని, చేయి కడుక్కుని, దుకాణం తెరవాలని తొందరగా వెళ్లిపోయింది. ఆమె చెప్పింది నిజం. ఆ పిల్లల చావుతో నా కిటికీ దగ్గరి నేలను పోల్చడం తప్పు. అట్లా పోల్చి కన్నీళ్లు పెట్టుకుంటే అది కూడా నన్ను నేను పెద్దవాణ్ని చేసుకోవడమే. కాని ఆ పేరు నాకు నచ్చింది ఎందుకని? నలభై మంది పిల్లలు నేను వస్తే ఊపిరి బిగపట్టడం నాకు నచ్చింది గనుక. వేరే కారణం లేదు. ఇంటికి పోయే దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

ఆ బ్యాచికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, నేనూ అందులో ఉన్నాను. మర్నాడు పొద్దున్నే కొడవలితో ఉన్న నా ఫొటో అందులో పెట్టారు. కింద నవ్వే బొమ్మలు. ఆ గచ్చిబౌలి అతను తన వీడియో పెట్టాడు. అదంతా అబద్ధం అని చెప్పే వీడియో. నేను రెండు రోజులు కూర్చుని జవాబు టైపు చేశాను. ఏ వెబ్‌సైటులో ఏముందో, ఏది మొదట చూడాలో, ఇంగ్లీషు రాని వాళ్లకు ఏ పటం చూస్తే అర్థమవుతుందో, ఏ సాక్ష్యం ఎన్ని నిమిషాలో, అన్నీ తెలుగులో. చంపిన వాళ్లే రాసుకున్న కాగితాల లింకులు కూడా పెట్టాను. కింద రాశాను, ఇది చదివాక కూడా ఎవరైనా ఆ పేరుతో నన్ను పిలిస్తే నేను చెప్పిన చదువు వృథా అయినట్టే అని. ముగ్గురు బొటనవేలు బొమ్మ పెట్టారు. గంటకల్లా అడ్మిను నన్ను గ్రూపులోంచి తీసేశాడు.

వారం లోపలే కరస్పాండెంటు పిలిచాడు. ఆ ఫామ్‌హౌజ్ అతను ఏదో చెప్పినట్టున్నాడు. స్కూలు ఆవరణలో బోరు వాళ్ల కుటుంబమే వేయించింది.

"ఏం లొల్లి సారు ఇది?" అన్నాడు. "పెద్దోళ్లతోని మనకెందుకు? మీరు లెక్కల సారు. లెక్కలు చెప్పుండ్రి."

"సరే, లెక్కలే చెప్త" అన్నాను.

ఏడో తరగతిలో శాతాలు నడుస్తున్నాయి. ఆ రోజు బోర్డు మీద ఆ పాత లెక్క రాశాను, తెలుగులో. జనాభా, యూదుల సంఖ్య, పరాయివాళ్లు ఎంత శాతం. ఎక్కడిదో చెప్పలేదు. ఈ లెక్కలో తప్పేముందో చెప్పమన్నాను.

పిల్లలు వేసుకున్నారు. ఒకడు జవాబు చెప్పాడు. సరైనదే. "తప్పేం లేదు సారు" అన్నాడు. ఇంకొకడు దశాంశాలు ఎన్ని తీసుకోవాలో చెప్పలేదన్నాడు. నేను మళ్లీ చదవమన్నాను. క్లాసు గమ్మున ఉంది. నాకు భయపడి ఉండే నిశ్శబ్దం నాకు తెలుసు. ఇది అది కాదు. మూడో బెంచీ పిల్ల, ఎప్పుడూ లేచి మాట్లాడదు, కూర్చునే అడిగింది.

"వాళ్లు పరాయోళ్లని ఎవరు చెప్పిండ్రు సారు? లెక్కల ఇయ్యలే గద."

నేను చాక్‌పీసు కింద పెట్టాను. ఆ పీరియడు మిగతా సగం వాళ్లకు చెప్పాను. ఆ లెక్క ఎక్కడిదో, ఎవరు రాశారో, ఆ లెక్క వేసిన పిల్లలు పెద్దయ్యాక ఏం చూశారో, ఏం చూడనట్టు ఉన్నారో. స్కేలు సారు సంగతి కూడా చెప్పాను. ఒకడు అడిగాడు, ఆ సారుకు తర్వాత ఏమైందని. వెబ్‌సైటులో లేదన్నాను. ఏమీ అయి ఉండదు. రిటైరై, పెన్షన్ తీసుకుని, పెరట్లో కూరగాయలు వేసుకుని పోయుంటాడు.   

తర్వాతి ఏడు నాకు ఏడో తరగతి ఇవ్వలేదు. పదో తరగతి మాత్రమే ఇచ్చారు. పరీక్షలు దగ్గరున్న క్లాసులో వేరే ముచ్చట్లు పెట్టడానికి వీలుండదని కరస్పాండెంటు లెక్క. ఉద్యోగం పోలేదు, అది చాలు అంటుంది మా ఆవిడ. అడ్మిషన్లప్పుడు నన్నిప్పుడు ఆఫీసులోకి పిలవడం లేదు. ఊళ్లో కొందరు ఆ పేరుతో పిలవడం మానేశారు. చాలామంది మానలేదు. బస్టాండులో ఎవరైనా అట్లా పిలిస్తే ఆపి, నిలబెట్టి చెప్తాను. బస్సు వస్తుంది సారు అని తప్పించుకుంటారు. దూరం నుంచి నన్ను చూసి టీ కొట్టు చాటుకు పోయేవాళ్లు కూడా ఉన్నారు. పోనీ. వాళ్లకు సరదా పాడైంది, నాకు సిగ్గు దక్కింది. సిగ్గు నాది, నేనే ఉంచుకుంటాను.

ఇప్పుడు ఆదివారాలు నేనూ మా అమ్మాయీ ఒక పని చేస్తున్నాం. ఆ క్లాసు ఫొటోలో పిల్లల గురించి మ్యూజియం వాళ్లు రాసినవి తెలుగులోకి మారుస్తున్నాం. వాడుకోవడానికి అనుమతి అడుగుతూ అమ్మాయి వాళ్లకు ఉత్తరం రాసింది. వాళ్లు సంతోషంగా ఇచ్చారు. అమ్మాయి ఇంగ్లీషు చదివి చెప్తుంది, నేను తెలుగు రాస్తాను, తను మళ్లీ దిద్దుతుంది. నా వాక్యాలు తనకు నచ్చవు. ఆఫీసు కాగితం లాగ రాస్తున్నవ్ బాపు, అంటుంది. మొన్న ఒక మొహం దగ్గర ఆగిపోయాం. ఆ ఎంట్రీ కింద, ఇంతకు మించి సమాచారం లేదు అని ఇంగ్లీషులో ఉంది. నేను 'తర్వాత ఏమైందో తెలియదు' అని రాశాను.

"గట్ల రాయొద్దు బాపు" అంది. "ఏమైందో తెలుసు. చెప్పనీకి మనిషి మిగల్లే, గంతే."

ఆ వాక్యం మీద చాలాసేపు కొట్లాడుకున్నాం. ఉన్నది ఉన్నట్టు మార్చడమే మన పని అన్నాను నేను. అది వాళ్లు రాసింది కాదు, నువ్వు రాసింది అంటుంది తను. చివరికి ఇంగ్లీషులో ఉన్నట్టే పెట్టి, కింద గీత గీసి, చిన్న అక్షరాల్లో తన మాట విడిగా రాశాం. ముందు వరుస అయిపోయింది. రెండో వరుసలో ఇంకా నాలుగు మొహాలు మిగిలాయి.